ఎవరి మాట వారిది

ఆంగ్లమున సంభాషణములు వ్రాయునపుడు పెట్టవలసిన గుర్తులను బాలురకు నేర్పుట మిక్కిలి సులభమని పలువురు తలంతురు. సూత్రములు అయిదాఱు కంటె నెక్కువ లేవు. ఒకరు పలికిన మాటలను కొటేషను గుర్తుల నడుమ నుంచవలెను. 'అతడు పలికెను' అను దానికిని ఆ పలుకునకును మధ్య కామా యుండవలెను. పలుకు పెద్ద అక్షరముతో మొదలు కావలెను. ప్రశ్న పలికినవానిదైనచో ప్రశ్నార్థకము గుర్తుల లోపలను, వ్రాయువానిదైనచో వెలుపలను నిలుచును. పలుకును నడుమ నాపి 'అతడనెను' అని చేర్చినచో, వాక్యము ముగియలేదు గనుక, మిగిలిన భాగమును చిన్న అక్షరముతో కొనసాగింపవలెను. మాటలాడువారు మాఱినపుడెల్ల క్రొత్త పేరా రావలెను. ఇంగ్లండు ముద్రాపకులు ఒంటి గుర్తులను, అమెరికావారు జంట గుర్తులను ఎక్కువగా వాడుదురు గాని, ఏదో యొక పద్ధతిని తుదివఱకు పాటించిన దోషము లేదు. ఇంతమాత్రమే అయినను, పదవ తరగతి విద్యార్థులు సైతము దీనియందు తడబడుచుందురు. ఆ తడబాటునకు మూలము మందబుద్ధి గాదు, వారి మాతృభాష.

మన భాషలో పలుకునకు హద్దు గీయునది గుర్తు గాదు, మాట. సంస్కృతమున 'ఇతి' చేయు పనిని తెలుగున 'అని' చేయుచున్నది. తాటాకు ప్రతులలో పదమునకును పదమునకును నడుమ ఎడము సైతము లేదు. ఇక కొటేషను గుర్తుల మాట యెక్కడిది? అయినను మహాభారతము విన్నవారెవ్వరును వక్త యెవరో తెలియక చిక్కుపడలేదు. 'వైశంపాయన ఉవాచ' వంటి మాటలు శ్లోకమునకు వెలుపల నిలిచి ఆ సంగతి తెలుపుచుండెను. మన గ్రంథములు చెవి కొఱకు పుట్టినవి. 'అని' చెవికి వినబడు గుర్తు. కొటేషను కంటికి మాత్రమే కనబడునది. అది ఆంగ్లమునకును పుట్టుకతో వచ్చిన సొమ్ము గాదు. 1611లో వెలువడిన ఆంగ్ల బైబిలులో ఈ గుర్తులు లేవు. అచ్చుపుస్తకములు పెరిగి, మౌనముగా చదువు అలవాటు వ్యాపించిన కొలదిని వానికి నేటి నియమము కుదిరినది.

ఇంకొక సూక్ష్మము కలదు. 'రాముడు తాను వచ్చెదనని చెప్పెను' అను వాక్యమును చూడుడు. 'తాను' అనునది కథ చెప్పువాని మాట. 'వచ్చెదను' అనునది రాముని నోటి మాట. ఒకే వాక్యములో ఇరువురి గొంతులును కలిసి వినబడుచున్నవి. తెలుగువారికి ఇది యెంతో సహజము. ఆంగ్లమునకు ఈ నడిమి త్రోవ చెల్లదు. 'హీ సెడ్, "ఐ విల్ కమ్."' అని రాముని మాటను రామునికే విడువవలెను, లేదా 'హీ సెడ్ దట్ హీ వుడ్ కమ్' అని మాట నంతయు మనదిగా చేసికొనవలెను. మన విద్యార్థి యేమి చేయును? 'హీ సెడ్ దట్ "ఐ విల్ కమ్"' అని వ్రాయును. 'అని'కి బదులుగా 'దట్' తెచ్చి, పైగా గుర్తులును పెట్టును. ఎఱ్ఱ సిరాతో కొట్టివేసినంత మాత్రమున ఈ దోషము తీరదు. 'ఇవి అతని నోట వచ్చిన మాటలేనా, నీవు చెప్పుచున్న మాటలా?' అని యొక్క ప్రశ్న వేసిన చాలును. కామా తనంత తాను తన చోటికి వచ్చును.

ఈ ప్రశ్న వ్యాకరణముతో ముగియదు. గుర్తుల నడుమ నొక మాటను ఉంచుట యనగా, 'ఇది అతడు పలికినదే, నేను కల్పించినది గాదు' అని ప్రమాణము చేయుట. మా కోయిలకుంట్లలో ఇందులకు తగిన ఉదాహరణము కలదు. 1846లో కుంఫిణీ ప్రభుత్వముపై తిరుగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఇచ్చటనే ఉరితీసిరి. ఆయనపై పాటలు పుట్టినవి. 2019లో చలనచిత్రమును వచ్చినది. పాటకాడును, చిత్రరచయితయు ఆయన నోట మాటలు పెట్టుట వారి కళకు చెల్లిన హక్కు. కాని బాలుడు చరిత్ర వ్యాసము వ్రాయుచు, తెఱపై విన్న వాక్యమును గుర్తుల నడుమ నుంచి 'నరసింహారెడ్డి ఇట్లు పలికెను' అన్నచో, అది అసత్యమగును. అభిమానముతో పలికినను అసత్యమే. ప్రాణమిచ్చిన వానికి మనము చేయదగిన కనీస మర్యాద, ఆయన అనని మాటను ఆయనకు అంటగట్టకుండుట.

గృహములందు ఈ దోషము మఱింత హాని చేయుచున్నది. పెండ్లిచూపులైన మఱునాడు 'పిల్లకు ఇష్టమేనట' అని మాట పుట్టును. 'అట' యనునది మన భాష ప్రసాదించిన నిజాయితీ గల ప్రత్యయము. నేను స్వయముగా వినలేదని అది ఒప్పుకొనుచున్నది. కాని రెండు నోళ్లు మాఱునప్పటికి ఆ 'అట' రాలిపోవును. 'పిల్ల ఒప్పుకొన్నది' అని నిశ్చయమగును. మేనత్త నడిగిన అవ్వ చెప్పినదనును. అవ్వ నడిగిన తల్లి చెప్పినదనును. తల్లి నడిగిన, పిల్ల ఊరకున్నదనును. ఊరకుండుటను గుర్తుల నడుమ నుంచుటకు ఏ భాషలోను సూత్రము లేదు. వ్రేలిముద్ర వేయు నిరక్షరాస్యుని వాఙ్మూలమును ఇట్టిదే. అతడు చెప్పినదొకటి, వ్రాయసకాడు కూర్చినదొకటి. అడుగున పడిన ముద్ర మాత్రము అతనిది.

గురజాడ అప్పారావుగారు 1909లో ప్రకటించిన 'కన్యాశుల్కము' రెండవ కూర్పులో వితంతువు, వేశ్య, వైదికుడు, వకీలు ఎవరి తీరున వారు మాటలాడుదురు. నాటకమున పేరు ముందుండును గనుక కొటేషను గుర్తుల అవసరము లేదు. గుర్తుల వెనుకనున్న ధర్మము మాత్రము పూర్తిగా నెఱవేరినది.

కావున పాఠకులకు నా విన్నపమొకటి. మీ యింటి పిల్లలచేత వారమున కొకనాడు ఇంటివారి సంభాషణమును పది పంక్తులు తెలుగున వ్రాయింపుడు. అవ్వ 'యాడికి పోతాండావురా?' అన్నచో అట్లే వ్రాయవలెను, 'ఎక్కడికి పోవుచున్నావు?' అని గుర్తుల నడుమ దిద్దరాదు. దిద్దవలెనన్న గుర్తులు తీసివేసి, అవ్వ ఎక్కడికని అడిగినది అని తన మాటగా చెప్పుకొనవచ్చును. పిమ్మట ఆ పది పంక్తులనే ఆంగ్లమున వ్రాయింపుడు. అపుడు లోపలి పదములు అవ్వవి కావు, అనువాదకునివి. అర్థము మాత్రము ఆమెది కావలెను. వ్రాసిన దానిని ఆమెకు చదివి వినిపించి, 'నీవు అన్నది ఇదేనా?' అని అడుగుమనుడు. ఆమె తల యూపిన పిదపనే కామాలను లెక్కింపుడు.