అభిప్రాయాలకు పునాది

తన అభిప్రాయాలన్నీ బుద్ధిబలంతో ఏర్పరచుకున్నవేనని ప్రతి మానవుడూ నమ్ముతాడు. ఫలానా పార్టీకి ఓటెందుకు వేశావని అడిగితే కారణాలు చెబుతాడు. ఫలానా పన్ను ఎందుకు అన్యాయమని అడిగితే లెక్కలు చూపుతాడు. కాని ఆ కారణాలకూ లెక్కలకూ ముందే హృదయంలో ఒక తీర్పు జరిగిపోయి ఉండవచ్చునన్నది ఆలోచించదగిన విషయం. అర్థశాస్త్ర పితామహుడిగా మనం చదువుకొనే ఆడమ్ స్మిత్ 1776లో దేశాల సంపదను గూర్చి వ్రాశాడు. దానికి పదిహేడేళ్ల ముందే, 1759లో, మానవుని నైతిక భావాలను గూర్చి ఒక గ్రంథం వెలువరించాడు. ఆ మహనీయుడు ముందుగా తూచి చూసింది మనసునే.

దీనిని పరిశీలించడానికి మన నగరపు పడమటి అంచును మించిన ప్రయోగశాల లేదు. 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ భవనం చుట్టూ పెరిగిన హైటెక్ సిటీని కొందరు భాగ్యోదయంగా చూస్తారు, మరికొందరు చేజారిన నేలగా చూస్తారు. ఈ రెండు చూపులూ మా బంధువర్గంలోనే కలవు.

మా మేనమామకు గచ్చిబౌలి సమీపంలో రెండెకరాల మెట్ట ఉండేది. కుమార్తె వివాహం కోసం 1994లో మామూ దానిని అమ్మివేశారు. తరువాతి సంవత్సరాలలో ఆ నేల విలువ ఆయన ఊహకు అందనంతగా పెరిగింది. ఆయన కుమారుడు, మా భాయిజాన్, నేడు రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఒకే దస్తర్‌ఖాన్ ముందు కూర్చునే ఈ తండ్రీకొడుకుల రాజకీయాలు మాత్రం ఉత్తర దక్షిణ ధ్రువాలు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి రైతుల ఉచిత విద్యుత్తు దస్త్రంపై తొలి సంతకం చేసిన సంగతి చెప్పేటప్పుడు మామూ కళ్లు మెరుస్తాయి. "కలిగినవాడు లేనివాడికి పంచడమే న్యాయం" అంటారాయన. "కష్టపడినవాడికి కష్టానికి తగినంత దక్కడమే న్యాయం" అంటారు భాయిజాన్.

ఇద్దరూ పలికింది ఒకే మాట: న్యాయం. అమెరికా మనస్తత్వవేత్త జొనాథన్ హైట్ 2012లో ప్రచురించిన గ్రంథంలో ఈ భేదాన్నే వివరించాడు. న్యాయమంటే కొందరికి సమానత్వం, మరికొందరికి శ్రమకు తగిన ఫలం. కరుణ, విధేయత, పవిత్రత, స్వేచ్ఛ మొదలైన విలువలను కూడా మనుషులు వేరువేరు పాళ్లలో ఆదరిస్తారు. ఇక డేనియల్ కానెమన్, ఏమస్ ట్వర్స్కీ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1979లో మరొక సత్యం చెప్పారు: వచ్చిన లాభం ఇచ్చే సంతోషం కన్నా అంతే నష్టం కలిగించే బాధ ఎక్కువ. మామూ రెండెకరాల వేదన ముప్పయ్యేళ్లకూ ఎందుకు చల్లారలేదో నాకు ఆ సూత్రం వల్ల బోధపడింది.

అయితే మనసు పార్టీ జెండాలకు లొంగేది కాదు. 2025లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ప్రక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాలను ప్రభుత్వం ఐటీ అభివృద్ధికి వినియోగించదలచినప్పుడు విద్యార్థులు ఆందోళనకు దిగారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను నిలుపుచేసింది. మార్కెట్టును సమర్థించే భాయిజాన్ చెట్ల పక్షం వహించారు. "నలుగురు పేదపిల్లలకు కొలువులు వస్తాయేమో చూడవలదా?" అన్నారు మామూ. ఒకరికి ఆ వనం పవిత్రం, మరొకరికి ఆ కొలువులు కరుణ.

మా తరగతిలో బ్యాంకింగు పాఠం నడిచేటప్పుడూ ఇదే కనిపిస్తుంది. వడ్డీ నిషిద్ధమనీ, కూడబెట్టిన ధనంలో ఏటా నూటికి రెండున్నర జకాతుగా చెల్లించాలనీ విశ్వసించే ఇంటినుంచి వచ్చిన విద్యార్థి ఒకడు. ఎదురుచూచిన కాలానికి వడ్డీ ధర్మమైన వెల అని ఎరిగిన వర్తకుల బిడ్డ మరొకడు. చక్రవడ్డీ లెక్క ఇద్దరికీ ఒక్కటే. ఆ లెక్కకు ఇచ్చే అర్థం వేరు.

అంతమాత్రాన ప్రతి అభిప్రాయమూ సత్యమే అనరాదు. మన నగరానికే గర్వకారణంగా పేరొందిన సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు 2009 జనవరి 7న వ్రాసిన లేఖలో, ఖాతాలలో చూపిన నగదులో ఐదువేల కోట్లకు పైగా లేనే లేదని ఒప్పుకున్నారు. అభిమానాన్ని అంకెలతో సరిచూడాలి. ఆ అంకెలను వ్రాసినవారి నీతినీ సరిచూడాలి. ఒకటి లేక రెండవది నిలువదు.

విద్యార్థి మిత్రులారా! మనలో చాలామంది త్వరలో తొలిసారి ఓటు వేయబోతున్నాము. ఎదుటివాని రాజకీయం మనకు నచ్చనప్పుడు అతడు మూర్ఖుడనో స్వార్థపరుడనో తేల్చివేయడం సులభం. అతడు ఏ విలువను కాపాడుకొనడానికి తపిస్తున్నాడో, ఏ నష్టానికి భయపడుతున్నాడో అడిగి తెలుసుకొనడం కష్టం. అతని వాదాన్ని అంగీకరించనక్కరలేదు. కాని దాని వేరును చూసిన తరువాత చేసే వాదన ద్వేషంగా మారదు. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద చదువుకొనే మనకు ఈ అభ్యాసం ఇక్కడే మొదలుకావాలి.