నేటి మార్కు, రేపటి మార్కు



పదవ తరగతి ఫలితాలు వచ్చే రోజుల్లో మన పల్లెల్లో తరచుగా వినబడే మాట ఒకటి ఉంది: "వీడు ఇక పనికిరాడు." పదహారేండ్లు నిండని బిడ్డను గురించి, ఆ బిడ్డ వింటూ ఉండగానే ఈ మాట అంటారు. అనేది పరాయివారు కాదు. కన్నవారు, మేనమామలు, ఒక్కొక్కసారి సంఘ పెద్దలు కూడ అంటారు. 31 సంవత్సరాలు ఉన్నత పాఠశాలల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన నాకు పిల్లలను ఎంపిక చేయడము ఎంత బరువైన పనో తెలుసు. కబడ్డీ జట్టుకు 12 మంది కావాలి. మైదానములో 60 మంది నిలబడతారు. 12 పేర్లు చదివిన తర్వాత మిగిలిన 48 ముఖాలవైపు చూడడము కష్టము.

అందుచేత మా అమ్మాయి కాపురముండే అమెరికాలోని ఫ్రిస్కో పట్టణానికి వెళ్లినప్పుడు, అల్లుడు నన్ను బేస్‌బాల్ ఆటకు తీసుకొని వెళ్తే, ఆటకంటె ఆటగాళ్లను ఎంపిక చేసే విధానమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఫ్రిస్కో టెక్సాస్ రాష్ట్రములో ఉంది. మన తెలుగువారు అక్కడ చాలామంది ఉన్నారు. బేస్‌బాల్ మన క్రికెట్‌కు దూరపు చుట్టము వంటిది. ఒకడు బంతి విసరుతాడు, ఇంకొకడు గుండ్రని కర్రతో కొడతాడు. కొట్టినవాడు నాలుగు మూలలు చుట్టి వస్తే ఒక పరుగు.

మేము చూసిన ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ పెద్ద లీగు జట్టు కాదు. టెక్సాస్ రేంజర్స్ అనే పెద్ద జట్టుకు అది నారుమడి. పెద్ద లీగులో 30 జట్లు ఉన్నాయి. ఒక్కొక్క జట్టు క్రింద సింగిల్ ఎ, హై ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ అని మెట్లు మెట్లుగా చిన్న జట్లు ఉంటాయి. ఫ్రిస్కోది డబుల్ ఎ మెట్టు. "మామయ్యగారూ, ఇక్కడ ఆడేవాళ్లలో చాలామంది పైకి వెళ్లరండి. ఎవరిని ఎప్పుడు ఇంటికి పంపేస్తారో వాళ్లకే తెలియదు" అన్నాడు అల్లుడు. ఆ కుర్రవాళ్లను చూస్తుంటే నాకు మన డిగ్రీ చదివే పిల్లలే గుర్తుకు వచ్చారు.

ఈ నారుమడి పద్ధతిని 1920ల నుండి సెయింట్ లూయీ కార్డినల్స్ జట్టులో పెంచినవాడు బ్రాంచ్ రికీ. ఆయన మెథడిస్టు విశ్వాసి. ఆయన మొదటి పేరు వెస్లీ. జాన్ వెస్లీ గౌరవార్థము పెట్టిన పేరు. తల్లికి ఇచ్చిన మాట ప్రకారము ఆదివారము ఆటకు వెళ్లేవాడు కాదు. ధనమున్న జట్లు పండిన పంటను కొనుక్కొంటూ ఉంటే, ధనములేని తన జట్టు విత్తనము దగ్గరనుండి పెంచుకోవాలని ఆయన గ్రహించాడు. నల్లవారిని పెద్ద లీగులో ఆడనివ్వని ఆ రోజుల్లో, జాకీ రాబిన్సన్‌ను 1945లో ఎంపిక చేసి, 1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులో నిలబెట్టినవాడు కూడ ఆయనే.

ఇక పరీక్ష సంగతి. జట్ల తరపున ఊరూరు తిరిగి కుర్రవాళ్లను చూసేవారిని స్కౌట్లు అంటారు. వారు ముఖ్యముగా అయిదు విషయాలు చూస్తారు: బంతిని తగిలించడము, బలముగా కొట్టడము, పరుగెత్తడము, విసరడము, పట్టడము. ఒక్కొక్క దానికి 20 నుండి 80 వరకు మార్కులు. 50 అంటే పెద్ద లీగులో సగటు ఆటగాడు. నన్ను ఆపివేసిన సంగతి ఏమనగా, ప్రతి విషయానికీ వారు రెండు మార్కులు వ్రాస్తారు. ఒకటి ఈ రోజు వాడు ఎలా ఉన్నాడన్నది. రెండవది ఎదిగిన తర్వాత ఎలా ఉండగలడన్నది. 18 ఏండ్ల కుర్రవానికి నేటి మార్కు 30 ఉండి, రేపటి మార్కు 60 ఉండవచ్చు. మార్కులతోపాటు వాని నడవడి, ఓటమిని ఎలా ఓర్చుకొంటాడు, చెప్పిన మాట వింటాడా అన్న సంగతులు కూడ విచారిస్తారు.

మన దేశములో 2008లో జరిగిన ఒక పోటీలో ఉత్తరప్రదేశ్ యువకులు రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఎంపికై పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టులో చేరారు. వారు ఈటె విసరినవారేగాని బేస్‌బాల్ ఎరుగనివారు. నేటి మార్కు ఏమీ లేని ఇద్దరిని చేతి బలము చూసి, రేపటి మార్కు మీద తీసుకొన్నారు. వారు చిన్న లీగుల్లో ఆడారుగాని పెద్ద లీగుకు చేరలేదు. రేపటి మార్కు వాగ్దానము కాదు, నిరీక్షణ మాత్రమే.

ఎంతో అనుభవమున్న ఈ పరీక్షకులు సైతము పొరపడతారు. 1966లో న్యూయార్క్ మెట్స్ జట్టు దేశమంతటిలో మొట్టమొదటగా ఎన్నుకొన్న యువకుడు, భుజము గాయపడి, ఒక్కనాడైనా పెద్ద లీగులో ఆడలేదు. అతని తర్వాత ఎన్నికైన రెజీ జాక్సన్ 563 హోమ్ రన్‌లు కొట్టాడు. 1988లో మైక్ పియాజాను 62వ విడతలో, 1390వ వానిగా తీసుకొన్నారు. అదికూడ కుటుంబ స్నేహితుడైన ఒక మేనేజరు మాట కాదనలేక. అతడు 2016లో ఆ ఆటలోని మహనీయుల మందిరములో చేర్చబడ్డాడు.

అన్నిటికంటె కఠినమైన నిర్ణయము ప్రతి సంవత్సరము నవంబరులో ఉంటుంది. ఒక జట్టు 40 మందిని మాత్రమే తన జాబితాలో కాపాడుకోగలదు. పెద్ద లీగు మైదానానికి వచ్చేది అందులో 26 మంది. 18 ఏండ్లకు లేక అంతకు ముందే చేరిన కుర్రవాణ్ణి అయిదు సంవత్సరాల్లో, 19 దాటి చేరినవాణ్ణి నాలుగు సంవత్సరాల్లో ఆ జాబితాలో చేర్చకపోతే, డిసెంబరులో వేరే జట్టు 1,00,000 డాలర్లు చెల్లించి తీసుకొనిపోవచ్చు. అయితే తీసుకొన్న జట్టు మరుసటి సంవత్సరమంతా అతణ్ణి 26 మందిలో ఉంచుకోవాలి. ఉంచలేకపోతే సగము ధరకు తిరిగి అప్పగించజూపాలి. అంటే తొందరపడి విడిచినా నష్టమే, ఓపికలేక తీసుకొన్నా నష్టమే.

1954లో ఇలాంటి ఎంపికలోనే ప్యూర్టోరికో యువకుడు రాబర్టో క్లెమెంటే జట్టు మారాడు. బ్రూక్లిన్ జట్టు అతణ్ణి మాంట్రియల్‌లోని చిన్న జట్టుకు పంపింది. అక్కడ అతనికి ఆడే అవకాశము తక్కువ. పిట్స్‌బర్గ్ జట్టు తరపున క్లైడ్ సూక్‌ఫోర్త్ అనే స్కౌట్ వేరొక ఆటగాణ్ణి చూడడానికి వచ్చి, ఆటకు ముందు అభ్యాసములో ఈ కుర్రవాడు బంతి విసరడము గమనించాడు. ఆ సంవత్సరము అట్టడుగున నిలిచిన పిట్స్‌బర్గ్‌కు మొదటి ఎంపిక దక్కింది. అప్పుడు ఆ జట్టు నిర్వాహకుడు బ్రాంచ్ రికీయే. 4,000 డాలర్లకు క్లెమెంటే వారివాడయ్యాడు. 18 సంవత్సరాలు ఆ ఒక్క జట్టుకే ఆడి 3,000 హిట్లు సంపాదించాడు. 1972 డిసెంబరులో నికరాగ్వాలో భూకంపము వస్తే, బాధితులకు సామగ్రి తీసుకొని వెళ్తూ, 31వ తేదీ రాత్రి విమానము సముద్రములో కూలి మరణించాడు. అప్పటికి అతనికి 38 ఏండ్లు. ఆ రాత్రి అతణ్ణి విమానమెక్కించిన ప్రేమకు ఏ స్కౌట్ కాగితములోను గడి లేదు.

ప్రియులారా, మన గ్రంథములోను ఇలాంటి సంగతి ఉంది. మార్కు అను మారుపేరుగల యోహాను పంఫూలియలో పనిని విడిచి వెళ్లిపోయాడు. రెండవ ప్రయాణానికి అతణ్ణి వెంట తీసుకొనిపోవడానికి పౌలు ఒప్పుకొనలేదు (అపొ. కార్య. 15వ అధ్యాయము). పౌలు చూసినది నేటి మార్కు. అందులో అబద్ధము లేదు. కాని బర్నబా రేపటి మార్కు చూశాడు. అతణ్ణి వెంటబెట్టుకొని కుప్రకు ఓడ ఎక్కాడు. సంవత్సరాలు గడిచిన తర్వాత చెరసాలలో ఉన్న పౌలే, మార్కు తనకు ప్రయోజనకరమైనవాడని, అతణ్ణి తీసుకొనిరమ్మని తిమోతికి వ్రాశాడు (2 తిమోతి 4వ అధ్యాయము). బర్నబా ఓపిక పట్టకపోతే ఆ యౌవనస్థుడు ఏమైపోయేవాడో!

ఎంపికే వద్దని నేను చెప్పడము లేదు. హాస్టలులో సీట్లు కొన్నే ఉంటాయి, కబడ్డీకి 12 మందే ఉంటారు. అసలైన ప్రశ్న మిగిలినవారి సంగతి. జట్లు వ్యాపారము చేస్తున్నాయి; విడిచిన కుర్రవాని బాధ్యత వాటి లెక్కలో లేదు. సంఘము వ్యాపారము కాదు. పరీక్ష తప్పినవాణ్ణి, పట్నములో పని దొరకక తిరిగి వచ్చినవాణ్ణి, పెండ్లి సంబంధము తప్పిపోయిన ఆడబిడ్డను తన జాబితాలోనుండి కొట్టివేయడానికి సంఘానికి అధికారము లేదు. మన కాపరి తొంబది తొమ్మిదింటిని విడిచి ఒక్కదాని కొరకు వెళ్లినవాడు.

కాబట్టి తలిదండ్రులారా, సండేస్కూలు ఉపాధ్యాయులారా, మీ బిడ్డను గురించి రెండు మార్కులు వ్రాయండి. మొదటిది నిజాయితీగా వ్రాయండి. లేని తెలివిని ఉన్నదని పొగడవద్దు. రెండవది ప్రార్థనతో వ్రాయండి. లెక్కలు రానివానికి మోటారు బాగుచేసే చేయి ఉండవచ్చు. నలుగురిలో మాట్లాడలేని పిల్ల రోగుల మంచము దగ్గర గంటలకొలది కూర్చొనగలదేమో చూడండి. వారిలో ఏమున్నదో దగ్గరగా కనిపెట్టి, దానికి నీరు పోయండి. నారు ఎత్తుగా లేదని ఏ రైతూ మడిని దున్నివేయడు.

మన బిడ్డలను చూచుటకు ప్రభువు మనకు బర్నబా కన్నులను దయచేయునుగాక. ఆమేన్.