తవుడు లెక్క

2022 జూలై 4, సూరత్‌లోని ఖటోదరా
రాత్రంతా వాన. మగ్గాల చప్పుడు మాత్రం ఆగలేదు. పొద్దున్నే గన్నవరం నుంచి మేనల్లుడి ఫోన్. "మావయ్యా, మొక్కజొన్న రేటు మండిపోతోంది. మిల్లులో తవుడు చవగ్గా ఇస్తున్నారు. పంది పిల్లల దాణాలో సగానికి సగం కలిపేస్తే?" ఎన్నాళ్ల పిల్లలురా అంటే, నిన్ననే తల్లి నుంచి విడదీశాడట. ఆగమన్నాను.

జూలై 5
పాలు మానిన వారమే గండం. పాలను అరిగించే లాక్టేజ్ తగ్గిపోతుంటుంది. పిండిపదార్థాల్ని అరిగించే ఎంజైములు ఇంకా పుంజుకోవు. బెంగతో పిల్ల మేత ముట్టదు. చిన్నపేగులోని చూషకాలు కురచబడతాయి. కడుపులో ఆమ్లమూ చాలదు. అరగని మాంసకృత్తులు పెద్దపేగులోకి జారి కుళ్లుతాయి. ఈ.కోలై రెచ్చిపోయి పారుడు పట్టుకుంటుంది.

తవుడులోని పీచుకు పని దొరికేది పెద్దపేగులోనే. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ తయారుచేస్తాయి. బ్యూటిరేట్ ఆ పేగు గోడ కణాలకే ఆహారం. పీచు తినేకొద్దీ ఆ పేగు బరువు కూడా పెరుగుతుంది. కాకపోతే ఈనిన పంది అరాయించుకున్నంత పీచు ఈ పసికూన అరాయించుకోలేదు. సగం తవుడంటే పొట్ట నిండుతుందేగాని ఒళ్లు రాదు.

జూలై 7
దాణా కొట్టు. కపాసియా ఖోళ్, అంటే పత్తిగింజల చెక్క, బస్తాలకు బస్తాలు. ఇక్కడి గేదెలకు ఇదే విందు. పందులు అందులోని గాసిపాల్ అనే విషాన్ని తట్టుకోలేవు. ముతక గోధుమ పొట్టు ఉందా అని అడిగాను. "గేదెలెన్ని?" అన్నాడు. పందులకని చెప్పే ధైర్యం చాల్లేదు.

పొట్టు ముతకగా ఉండటమే ముఖ్యం. నూటికి 4 పాళ్లు కలిపిన ప్రయోగాల్లో పేగులో ఈ.కోలై తగ్గింది.

జూలై 8
యూరప్‌లో పారుడు ఆపడానికి ఇన్నాళ్లూ దాణాలో జింక్ ఆక్సైడ్ మందు మోతాదులో వేసేవారు. పెంటతో పాటు నేలలో పేరుకుంటోందనీ, మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయనీ గత నెల 26 నుంచి మాన్పించారు. ఇప్పుడు ఓట్స్ పొట్టు, బీట్ పిప్పి మీద ఆశ పెట్టుకున్నారు.

మేనల్లుడి వాదన వేరు: నాటు పందులు గడ్డీ గాదం తిని బతకలేదా? బతికాయి. ఎంత నిదానంగా పెరిగాయో ఎవరు తూచారు? వాడి దొడ్డిలో ఉన్నవి టి-17, తిరుపతి పరిశోధన కేంద్రం వాళ్లు తీసిన సంకరం. అందులో నాటు రక్తం నాలుగో వంతే.

జూలై 11
మిల్లు తవుడు ఫొటో పంపాడు. సగం ఊకే. ఊక నిండా ఇసకలాంటి సిలికా, ఏ సూక్ష్మజీవికీ కొరుకుడు పడదు. పైగా నూనె తీయని తవుడు ఈ వానలకు వారం తిరక్కుండా ముక్కిపోతుంది. వాసన చూసి కొనమన్నాను. ముందు గోధుమ పొట్టు కొద్దికొద్దిగా అలవాటు చేసి, పిల్లలు ఇరవై కిలోలు దాటాకే తవుడు పెంచమన్నాను.

"ఇరవై కిలోలని ఎలా తెలుస్తుంది మావయ్యా?"

కాటా లేదట. ఎరువుల కొట్లో అడిగి తెచ్చుకోమన్నాను.