అరవై ఒకటో పేజీలో మొదలైన నవల

డెవలప్‌మెంటల్ ఎడిటింగ్ అంటే అచ్చుతప్పులు దిద్దడం కాదు, అది ప్రూఫులు చూసేవారి పని. వాక్యం నడక సరిచేయడమూ కాదు, అందుకు కాపీ ఎడిటర్ ఉంటారు. వాళ్లిద్దరికంటే ముందు, పుస్తకం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే కూర్చుని కథ ఎక్కడ ఎత్తుకోవాలి, ఏ అధ్యాయం తీసేసినా నష్టం లేదు, ఏ పాత్ర మధ్యలో కనబడకుండా పోయింది అని అడిగే మనిషి ఒకరుండాలి. వారిని తెలుగులో ఏమనాలో ఇంకా తేలలేదు. ‘పరిష్కర్త’ అందామంటే, ఆ మాట తాళపత్ర ప్రతులు పోల్చి పాఠం తేల్చేవారికి ఎప్పుడో చెల్లిపోయింది. రచయితలు మాత్రం ‘ఒకసారి చూసిపెట్టండి’ అని ఊరుకుంటారు.

చెన్నై పక్కనున్న ఆవడిలో ఆ పని జరిగేది ఒక మేడమీది గదిలో. యుద్ధ ట్యాంకుల ఫ్యాక్టరీకీ 1955 నాటి కాంగ్రెస్ మహాసభకూ పేరుపడిన ఊళ్లో తెలుగు నవలలు బాగుపడతాయని ఎవరూ అనుకోరు. అరక్కోణం లోకల్ వెళ్లినప్పుడల్లా కిటికీ రెక్క కొద్దిగా అదురుతుంది. చూడ్డానికి వెళ్లిన రోజున బల్ల మీద ఉన్నవి స్పైరల్ బైండింగ్ చేసిన ఒక రాతప్రతి, రూళ్ల నోటుబుక్కు. పెన్ను లేదు. మొదటి చదువు పెన్ను లేకుండానే సాగాలి. చేతిలో పెన్నుంటే కళ్లు కామాల మీదికి పోతాయి, కథ జారిపోతుంది.

రెండో చదువులో నోటుబుక్కు తెరుచుకుంటుంది. అధ్యాయానికో వరుస: ఏం జరిగింది, ఎవరికి తెలిసింది, పాఠకుడికి కొత్తగా అందిందేమిటి. మూడో గడి వరసగా ఖాళీగా ఉంటే ఆ భాగంలో కథ నిలబడిపోయిందన్నమాట. వారపత్రిక సీరియల్‌ని పుస్తకం చేసేటప్పుడు ఈ పట్టిక మరీ పనికొస్తుంది. వారంవారం జరిగిన కథ గుర్తుచేసే పేరాలు, ప్రతి భాగం చివర బలవంతాన పెట్టిన ఉత్కంఠ, పొడిగింపు కోసం వచ్చి మాయమైన మేనత్తలు అందులో ఇట్టే దొరికిపోతారు.

బల్ల మీది నవల తిరుత్తణి పక్క పల్లెలోని ఒక కుటుంబం కథ. రాసినవారు రిటైరైన బడిపంతులు. మొదటి 60 పేజీలు వంశవృక్షం, తాతల వ్యవసాయం, కొండమీది 365 మెట్లు. అరవై ఒకటో పేజీలో ఒకే ఒక్క వాక్యం: 1960 ఏప్రిల్ 1న తాలూకా మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆ తర్వాత మళ్లీ పొలాలు, పెళ్లిళ్లు. తొమ్మిదో అధ్యాయంలో 1963లో, తిరుత్తణి సర్కారు బడిలో పనిచేసే పెద్దన్నకు చిత్తూరుకు బదిలీ అవుతుంది. తాలూకా చిత్తూరు జిల్లాలో ఉన్నంతకాలం అది మామూలు సంగతే. చెంగల్పట్టు జిల్లాలోకి పోయాక, ఆ ఉత్తర్వు ఏ ప్రభుత్వం ఇస్తుంది?

రచయిత ఫోన్‌లో తేలిగ్గా తీసుకున్నారు. ‘సంవత్సరం 1958 అని మార్చేస్తే సరిపోతుంది కదా సార్’ అన్నారు. కాపీ ఎడిటర్ అయితే అక్కడితో సరిపోయేది. ఇక్కడ మాత్రం అంచులో మూడు ప్రశ్నలు పడ్డాయి: ‘అన్న ఏ రాష్ట్రపు ఉద్యోగి? ఎప్పుడు తేల్చుకున్నాడు? ఆ రాత్రి ఇంట్లో ఎవరెవరున్నారు?’ తప్పనుకున్నది నవలకు నడుమై కూర్చుంది. అన్న అటు, తమ్ముడు ఇటు. రచయిత ఒక్క వాక్యంలో దాటేసిన సరిహద్దే అసలు కథ.

ప్రశ్నలే వేసి, జవాబు రాయకుండా ఊరుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా కష్టం. మద్రాసులోనే దీనికి పూర్తి విరుద్ధమైన గొప్ప ఉదాహరణ ఉంది. 1947 జులైలో మొదలైన ‘చందమామ’లో 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావు, వచ్చిన కథల్ని తన చేత్తో తిరగరాసేవారు. బేతాళుడి ప్రశ్నకు ఒదుగుతుందనిపించిన కథ బేతాళ కథయ్యేది. సంపాదకుడిగా పత్రికలో చాలాకాలం కనిపించింది చక్రపాణి పేరే. పిల్లల పత్రికకు ఒకే గొంతు కావాలి గనక అది చెల్లింది, తెలుగు పిల్లల వచనానికి మేలూ చేసింది. నవల విషయంలో అలా చేస్తే పుస్తకం బాగుపడవచ్చు గానీ రచయిత అందులో మిగలడు.

చదవడం పూర్తయ్యాక రచయితకు ఉత్తరం వెళ్తుంది. బాగున్నదేదో ముందు చెప్పాలి. అది మర్యాద కోసమే కాదు. తిరగరాసేటప్పుడు చెయ్యి పెట్టకూడనిదేదో రచయితకు తెలియాలి. ఆ తర్వాత పెద్ద మార్పులు, చివర చిన్నవి. ప్రచురణకర్త డబ్బిస్తే పేజీల లెక్క, గడువు కూడా ఉత్తరంలోకి వస్తాయి. తెలుగులో చాలామంది రచయితలు 500 కాపీలో వెయ్యో సొంత ఖర్చుతో వేసుకునేవారే. వాళ్లకు కాగితం, ముఖచిత్రం, డీటీపీ ఖర్చుగా కనిపిస్తాయి, చదివిపెట్టడం స్నేహంగా కనిపిస్తుంది. అందుకే ఆవడి గదిలో బేరం ముందే తేలుతుంది: ఎన్ని చదువులు, ఎన్ని ఉత్తరాలు, ఎంత సొమ్ము.

తిరగరాసిన ప్రతి వచ్చాక మరోసారి చదివి, కాపీ ఎడిటర్‌కు అప్పగించడంతో పని ముగుస్తుంది. పంతులుగారి రెండో చిత్తు ఆడికృత్తిక పండగ తర్వాత రావాలి. ఆ లోపల మొదటి 60 పేజీల్ని బైండింగులోంచి విడదీసి, క్లిప్పు పెట్టి, అలమారలో ఉంచారు. తీసేసిన పేజీల్లోంచి ఒకటో రెండో సన్నివేశాలు కావాలని రచయితలు తిరిగి అడుగుతారట.