అర్థమైందా? అర్థమైంది సార్!

'అర్థమైందా?'

'అర్థమైంది సార్!'

తెలుగునాట ఏ బడి ముందు నిలబడ్డా రోజుకు పదిసార్లు వినపడే మాటలివి. మాస్టారు అడుగుతారు. పిల్లలంతా ఒక్క గొంతుతో జవాబిస్తారు. పాఠం ముందుకు సాగిపోతుంది.

పల్నాడులోని ఓ జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే ఆ మాస్టారు పాతికేళ్లపాటు ఆ మాటనే నమ్మారు. 98 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది మొదలు ఆయనకు బడే లోకం. ఆయన పాఠం చెబుతుంటే తరగతిలో చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. సుద్దముక్కతో బోర్డు మీద బొమ్మ గీస్తే చెరపడానికి పిల్లలకు మనసొప్పదు. పదో తరగతిలో ఆయన సబ్జెక్టు తప్పేవాళ్లు ఏటా ఒకరో ఇద్దరో. ఇక నమ్మకపోవడానికి ఏముంది?

2023లో ఆ తరగతి గదిలోకి పెద్ద తెర వచ్చింది. ఐఎఫ్‌పీ అన్నారు. వేలితో రాస్తే రాస్తుంది, అరచేత్తో తుడిస్తే పోతుంది. గుండె బొమ్మను ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. నల్లబల్ల ఓ పక్కకు జరిగింది. పైకి అనలేదుగానీ మాస్టారి మనసు చివుక్కుమంది. ఇన్నేళ్లూ తాను గీసిన బొమ్మలకంటే అందమైన బొమ్మలు ఇప్పుడు మీట నొక్కితే వస్తాయి. మరి తానెందుకు?

శిక్షణకు రమ్మంటే వెళ్లారు. తిరిగొచ్చి చేసిందేమిటంటే... పాఠం వీడియో పెట్టి పక్కన నిలబడటం. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేవారు. వీడియో అయిపోయేది.

'అర్థమైందా?'

'అర్థమైంది సార్!'

బడికి తెర కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు 1న మొదలై ఏడాదిపాటు 'సైట్' అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. వాటిలో బడిపిల్లల పాఠాలూ ఉన్నాయి. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి చదువుల కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహం నింగికెగిరింది. అటునుంచి ప్రశ్న అడిగే వీలూ వచ్చింది. కానీ ఎన్నో బడులు ఒకేసారి వింటుంటే, ఎక్కడో చివరి బెంచీలో కూర్చున్న పిల్ల గొంతు స్టూడియోదాకా చేరేదెలా? యంత్రం మారుతూ వచ్చింది. చెప్పేవారు చెబుతూనే ఉన్నారు, వినేవారు వింటూనే ఉన్నారు.

ఆ సంగతి మాస్టారికి తెలిసొచ్చింది మాత్రం లెక్కల మేడం వల్ల. వయసులో ఆయనకంటే బాగా చిన్న. జియోజీబ్రాలో త్రిభుజం గీసి, ఒక మూలను పట్టుకుని పిల్లలచేతే లాగిస్తుంది. ఎంత లాగినా మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలే ఉంటుందని వాళ్లనోటే చెప్పిస్తుంది. ఓ మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో టిఫిన్‌ బాక్సు మూసి ఆమె ఓ కథ చెప్పింది.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజూర్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడున్నారు. ఆయన పాఠాలంటే విద్యార్థులకు ఇష్టం. మార్కులూ బాగానే వచ్చేవి. 1990 ప్రాంతంలో ఆయన ఓ పరీక్ష పెట్టారు. అందులో సూత్రాల్లేవు, లెక్కల్లేవు. వస్తువుల కదలిక గురించి మామూలు మాటల్లో అడిగిన ప్రశ్నలే. ఓ విద్యార్థి లేచి, మీరు చెప్పినట్టు రాయాలా, నేను అనుకుంటున్నట్టు రాయాలా అని అడిగారట. ఆచార్యుడు నివ్వెరపోయారు. తన పాఠం పిల్లల నోట్సులోకి వెళ్లింది, ఆలోచనలోకి వెళ్లలేదు! ఆ తర్వాత పద్ధతి మార్చేశారు. ప్రశ్న వేయడం, ఎవరి జవాబు వాళ్లు చెప్పడం, ఆపైన పక్కవాళ్లతో వాదించుకోవడం, మళ్లీ జవాబు చెప్పడం.  క్లిక్కర్లు తర్వాత వచ్చాయి.

'మన పిల్లలు అలా కాదమ్మా' అన్నారు మాస్టారు.

'ఒక్కసారి అడిగి చూడండి మాస్టారూ' అంది మేడం.

అడగడానికి ఓ ఉపాయమూ ఆమే చూపింది. ప్లికర్స్ అనే యాప్. పిల్లలకు ఫోన్లు అక్కర్లేదు, ట్యాబులు అక్కర్లేదు. ఒక్కొక్కరికీ ఒక కార్డు చాలు. దానిమీద నలుపు తెలుపు గళ్ల బొమ్మ ఉంటుంది, ఒక్కో కార్డుదీ ఒక్కో తీరు. నాలుగు అంచుల్లో ఏ, బీ, సీ, డీ అని చీమతలంత అక్షరాలు. తమ జవాబు అక్షరం పైకొచ్చేలా కార్డు తిప్పి పట్టుకోవాలి. మాస్టారు ఫోన్ కెమెరాను గదిలో ఓ చుట్టు తిప్పితే ఎవరి జవాబేమిటో క్షణాల్లో నమోదవుతుంది. ఎవరు ఏం చెప్పారో పక్కవాళ్లకు తెలియదు. మాస్టారికి తెలుస్తుంది.

జిరాక్స్ షాపులో కార్డులు తీయించారు. నలగకుండా ఉంటాయని లామినేషన్ కూడా చేయించారు. తీరా కిటికీలోంచి పడిన వెలుగుకు అవి తళతళా మెరిసి ఫోను ఒక్కటీ చదవలేదు. పిల్లలు కిసుక్కున నవ్వారు. మర్నాటికి మామూలు అట్టమీద మళ్లీ తీయించుకొచ్చారు.

అప్పటికి శ్రేణి సంధానం పాఠం అయిపోయింది. ఓమ్ నియమం అందరికీ నోటికొచ్చు. తెరమీద ప్రశ్న తెలుగులోనూ ఇంగ్లిషులోనూ కనిపించింది. ఒక బ్యాటరీ. దానికి ఒకదాని తర్వాత ఒకటిగా రెండు ఒకేలాంటి బల్బులు. ఏది ఎక్కువ వెలుగుతుంది? ఏ - మొదటిది. బీ - రెండోది. సీ - రెండూ సమానం. డీ - రెండోది అసలు వెలగదు.

మాస్టారి దృష్టిలో అది ప్రశ్నే కాదు. అందరూ సీ అనే చెబుతారనుకున్నారు.

ముప్ఫై ఎనిమిది కార్డులు లేచాయి. ఇరవై ఏడు ఏ!

మాస్టారు ఫోన్ వంక చూస్తూ ఉండిపోయారు. ఆ ఇరవై ఏడులో క్లాసు ఫస్టు వచ్చే కుర్రాడూ ఉన్నాడు. 'ఎందుకురా?' అని అడిగితే, 'కరెంటు ముందు మొదటి బల్బుకు కదా సార్ వచ్చేది, అది వాడుకోగా మిగిలిందే రెండోదానికి పోతుంది' అన్నాడు, చేను తడిసే తీరు చెప్పినంత ధీమాగా. ఎగువ రైతు వాడుకోగా మిగిలిన నీళ్లేగా దిగువకు వచ్చేది! కాలువ కింద పుట్టిన పిల్లాడు కరెంటును కాలువలాగే అర్థం చేసుకున్నాడు. సూత్రం బట్టీ పట్టాడు, మార్కులు తెచ్చుకున్నాడు. లోపల ఉన్న కాలువ మాత్రం అలాగే ఉంది.

ఆ రాత్రి మాస్టారికి సరిగా నిద్రపట్టలేదు. పాతికేళ్లు. ఏడాదికి ఇంతమంది చొప్పున ఎంతమంది 'అర్థమైంది సార్' అని ఉంటారు? వాళ్లలో ఎందరి మనసులో కరెంటు ఇంకా కాలువలాగే పారుతోందో!

మర్నాడు పాఠం చెప్పలేదు. 'మీ పక్కవాళ్లను ఒప్పించండి' అన్నారు. గది సంతలా మారింది. పక్క క్లాసు సారొచ్చి తొంగి చూసి వెళ్లారు. చీమ చిటుక్కుమంటే వినపడే క్లాసది! ఆ గోల భరించడం మాస్టారికి తెర వాడటంకన్నా కష్టమైంది. పది నిమిషాల తర్వాత మళ్లీ కార్డులు లేచాయి. సీ అన్నవాళ్లు పెరిగారుగానీ సగమే.

అప్పుడు తెరను పిలిచారు, ఈసారి వీడియో కోసం కాదు. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 'ఫెట్' అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. కంప్యూటర్లో చేసుకునే ప్రయోగాలవి, ఉచితం. అందులో తీగలు, బ్యాటరీ, బల్బులు ఉంటాయి. పిల్లలే వచ్చి వేలితో లాగి సర్క్యూట్ కలిపారు. తీగల్లో నీలం చుక్కలు కదిలాయి. మొదటి బల్బుకు ముందు ఎంత వేగమో, రెండోదాని తర్వాతా అంతే వేగం. ఏ చుక్కా ఎక్కడా తరిగిపోలేదు. రెండు బల్బులూ సమానంగా వెలిగాయి.

'చూశారా!' అన్నారు మాస్టారు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఆయన ల్యాబ్ బీరువా తెరిచి, దుమ్ము దులిపి, టార్చి బల్బులు రెండు తెచ్చి నిజంగానే కలిపారు. మొదటిది బాగా వెలిగింది. రెండోది మిణుకుమిణుకుమంది!

'తెర అబద్ధం చెప్పింది సార్' అని అరిచారు వెనక నుంచి. ఏ చెప్పినవాళ్లంతా బల్లలు చరిచారు. మాస్టారికి కారణం తెలుసు. ఒకటి పాత బల్బు, ఒకటి కొత్తది. రెండూ ఒకేలాంటివి కావు. చెప్పేద్దామని నోరు తెరిచారు. అంతలో చివరి బెంచీలోంచి ఓ గొంతు.

'రెంటినీ అటూ ఇటూ మార్చి చూద్దామా సార్?'

ఏడాదిలో ఆ పిల్ల నోరు విప్పడం అదే మొదలు. ఇంగ్లిషు మీడియం పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదుటి పేజీ తెలుగు. ఎదుటి పేజీ చూస్తే తోటివాళ్లు నవ్వుతారని భయపడే పిల్ల. లేచి నిలబడి జవాబు చెప్పమంటే తలొంచుకునేది. కార్డు ఎత్తడానికి మాత్రం ఏ భాషా అక్కర్లేదు కదా! రెండుసార్లూ ఆమె కార్డు సీ అనే చెప్పింది. నంబరు 31.

ఆమే వచ్చి బల్బులు మార్చింది. ఇందాక బాగా వెలిగినదే ఇప్పుడు రెండో స్థానంలోనూ బాగా వెలుగుతోంది. తేడా బల్బులోనే ఉంది, చోటులో లేదు. గదిలో ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆనక 'ఓహో' అన్నారు. పాతికేళ్ల సర్వీసులో మాస్టారికి ఏ 'అర్థమైంది సార్' ఇవ్వని తృప్తి ఆ 'ఓహో' ఇచ్చింది. తెర ఒక్కటే ఉంటే ఆ 'ఓహో' రాదు. బల్బులొక్కటే ఉన్నా రాదు. అసలు పిల్లలు ఏమనుకుంటున్నారో ముందుగా తెలియకపోతే రెండూ ఉండీ లేనట్టే.

కార్డుల సంగతి బడంతా పాకింది. తప్పు జవాబులకు మార్కులు తీసేస్తే పిల్లలు ఒళ్లు దగ్గరపెట్టుకుంటారని ఒకరు సలహా ఇచ్చారు. మాస్టారు ఒప్పుకోలేదు. తప్పు చెప్పడానికి భయపడితే పక్కవాడి కార్డు చూసి తిప్పుతారు. అప్పుడు మళ్లీ 'అర్థమైంది సార్'కే వచ్చినట్టు. తెరమీద పేర్లు చూపించడం కూడా మానేశారు. ఏ జవాబుకు ఎంతమందో చూపేవారు, అంతే. ఎవరెవరన్నది ఆయనకూ ఆయన ఫోనుకూ మధ్యే.

ఫిబ్రవరి వచ్చింది. పల్నాడులో మిరప కోతల కాలం. ఓ సోమవారం కార్డులు లెక్కపెట్టిన ఫోను ముప్ఫై ఏడు దగ్గర ఆగింది. 31 ఎదురుగా ఖాళీ. మంగళవారమూ ఖాళీ. బుధవారమూ అంతే. హాజరు పట్టీలో ఏబ్సెంటు వేయడం ఆయనకు కొత్త కాదు. ఎన్నో ఏళ్లు, ఎందరికో వేశారు. ఈ ఖాళీ మాత్రం ఎందుకో కళ్లముందు నుంచి కదల్లేదు. ఆ జవాబు ఏమై ఉండేదో తెలుసుకోవాలనిపించింది.

ఆ సాయంత్రం మోటారు సైకిల్ ఊరి చివరి కళ్లం దగ్గర ఆపారు. ఎండబెట్టిన ఎర్రటి కాయల పక్కన ఆ పిల్ల, తలకు గుడ్డ చుట్టుకుని తాలుకాయలు ఏరుతోంది.

'కాయ కోతకొచ్చింది సారూ, మనుషులు దొరకటంలా. రెండు వారాలు ఆగి పంపిస్తా' అంది తల్లి.

'రెండు వారాలంటే పరీక్షలు నెత్తిమీదికొస్తాయమ్మా. పొద్దున్న పూట నాకివ్వు. మధ్యాహ్నం నుంచి నీకు సాయముంటుంది. మీ అమ్మాయి చెప్పే జవాబు క్లాసుకు కావాలి' అన్నారు మాస్టారు.

తల్లికి ఆ మాట పూర్తిగా అర్థమైందో లేదో. కూతురి వంక ఓసారి చూసింది. 'నువ్వు జవాబులు చెబుతావంటే?' అంది.

తెర ఆ కళ్లందాకా నడిచి వెళ్లలేదు. ఫోనూ వెళ్లలేదు. కానీ వెళ్లాల్సిన చోటు ఎక్కడుందో చూపించింది అదే. ఇక తానెందుకని తెర వచ్చిన రోజున మాస్టారు వేసుకున్న ప్రశ్న మళ్లీ గుర్తుకు రాలేదు.

శుక్రవారం ఉదయం కటకాల పాఠం. తెరమీద ప్రశ్న. కుంభాకార కటకంలో సగభాగాన్ని నల్ల కాగితంతో మూసేస్తే తెరమీద ప్రతిబింబం ఏమవుతుంది? కార్డులు లేచాయి. మాస్టారు ఫోన్‌ను ఓ చుట్టు తిప్పారు.

ముప్ఫై ఎనిమిది.

సగం బొమ్మే పడుతుందని చాలామంది అన్నారు. అంటే ఈ రోజూ గది సంతే! మాస్టారు నవ్వుకుంటూ తలుపు దగ్గరగా వేసి వచ్చారు. 'అర్థమైందా' అని అడగలేదు.

'ఊఁ... ఎందుకలా అనుకున్నారో చెప్పండి' అన్నారు.