శని అమావాస్య, ఈకో వ్యాను, మా అమ్మ

మూఢనమ్మకాల గురించి రాసేటప్పుడు మనం ఎప్పుడూ పక్కవాళ్ల మీదే రాస్తాం. బాబాలు, వాస్తు పండితులు, టీవీ జ్యోతిష్కులు... వాళ్లను విమర్శించడం తేలిక. ఇంట్లో అమ్మతో వాదించడం అంత తేలిక కాదు. ఆ వాదనలో మనమే నెగ్గి, మనమే తప్పు చేస్తే? నాకు అదే జరిగింది.

నేనుండేది సూరత్‌లో, ఖటోదరాలో. 2023 జనవరి నాటికి మా అబ్బాయికి పన్నెండేళ్లు. వాడికి ఆక్టోపస్‌ని చూడాలని కోరిక. అద్దాల తొట్టిలో కాదు, సముద్రంలోనే. పడవ ఎక్కకుండా, నీళ్లలో మునగకుండా, నడిచి వెళ్లి పగడపు దిబ్బలు చూడగలిగే చోటు మా గుజరాత్‌లోనే ఉంది. జామ్‌నగర్ దగ్గర కచ్ సింధుశాఖలో ఉన్న సముద్ర జాతీయ పార్కు అది. 1980లో దాన్ని అభయారణ్యంగా, 1982లో జాతీయ పార్కుగా ప్రకటించారు. మన దేశంలో ఈ తరహా పార్కుల్లో ఇదే మొదటిది. జామ్‌నగర్‌కి అరవై కిలోమీటర్ల దూరంలో నరారా అనే చోట, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు అటవీశాఖ అనుమతి తీసుకుని గైడు వెంట నడిచి వెళ్లొచ్చు.

వాహనం మా స్నేహితుడిది. వాళ్లది సిరిసిల్ల వైపు పద్మశాలి కుటుంబం, అతను పుట్టింది మాత్రం సూరత్‌లోనే. నాలుగు మరమగ్గాలు, ఒక ఈకో వ్యాను ఉన్నాయి. విదేశాల్లో వంటగది, మంచాలు అమర్చిన బళ్లలో తిరుగుతారట కదా, మనమూ అలా చేద్దామని అతని ఉత్సాహం. వెనక సీట్లు తీసి పరుపు, నీళ్ల డబ్బా, చిన్న గ్యాస్ పొయ్యి పెడితే అదే మన కారవాన్ అన్నాడు. పొయ్యి మాత్రం వద్దన్నాను. తలుపులు మూసిన బండిలో పొయ్యి వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. పులిహోర, థేప్లాలు చాలనుకున్నాం.

ఇక తేదీ. ఇక్కడే గొడవ మొదలైంది.

పగడపు దిబ్బలు బాగా బయటపడాలంటే నీళ్లు బాగా తగ్గాలి. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒక వరుసలోకి వచ్చినప్పుడు పోటు ఎక్కువగా వస్తుంది, నీళ్లు తగ్గడమూ ఎక్కువగానే ఉంటుంది. అంటే అమావాస్యకీ పౌర్ణమికీ. అష్టమి ప్రాంతాల్లో వెళితే తేడా తక్కువ. ఆ నెల అమావాస్య జనవరి 21, శనివారం. పైగా ఆ రాత్రి చంద్రుడు భూమికి 3 లక్షల 56 వేల కిలోమీటర్ల పైచిలుకు దూరానికి వస్తున్నాడు. సగటు దూరం 3 లక్షల 84 వేలు. పోటును లేపే బలం దూరం ఘనానికి విలోమంగా మారుతుంది కాబట్టి, లెక్క వేస్తే చంద్రుడి వంతు సగటు కన్నా పాతిక శాతం ఎక్కువ. అంత దగ్గరి అమావాస్య కొన్ని వందల ఏళ్లలో రాలేదని ఖగోళ లెక్కలు. పెద్ద ఆటుపోట్లు సాధారణంగా అమావాస్య దాటాక ఒకటి రెండు రోజులకు వస్తాయి. శుక్రవారం రాత్రి బయల్దేరితే శని, ఆదివారాలు రెండూ దొరుకుతాయి. ఇంతకన్నా మంచి ముహూర్తం ఉంటుందా?

"శని అమావాస్యా?" అంది అమ్మ. పులుసులో గరిటె అలాగే వదిలేసి బయటికొచ్చింది.

అమ్మ భయం ఊరికే పుట్టింది కాదు. 1997లో మా అన్నయ్య కాకినాడ నుంచి హైదరాబాదుకు కారులో వెళుతూ, తెల్లవారుజామున ఆగి ఉన్న లారీని గుద్దుకుని పోయాడు. ఆ రోజు అమావాస్య. అప్పటినుంచి అమ్మకు నెలలో ఒక రోజు నల్లగా ఉంటుంది.

నేను వాదించాను. ఆ వాదన మీ అందరికీ తెలిసిందే. అమావాస్య నాడు దేశంలో రైళ్లు ఆగవు, బస్సులు ఆగవు. పక్కనున్న తమిళులు అమావాస్య మంచిదని అదే రోజు కొత్త పనులు మొదలుపెడతారు. సరిహద్దు దాటగానే చంద్రుడు గుణం మార్చుకుంటాడా? ఇక్కడ సూరత్ వ్యాపారులు దీపావళి అమావాస్య నాడే కొత్త ఖాతా పుస్తకాలకు పూజ చేస్తారు. వాళ్లేమైనా దివాలా తీశారా? చివరికి అమ్మ చిన్ననాటి సంగతే బయటికి తీశాను.

"మీరంతా బండ్లు కట్టుకుని చొల్లంగి వెళ్లేవాళ్లు కదమ్మా, సముద్ర స్నానానికి? పుష్య బహుళ అమావాస్యకే కదా? రేపు శనివారం వచ్చేది ఆ చొల్లంగి అమావాస్యే."

అమ్మ ఒక్క క్షణం ఆగింది. "అది తీర్థం రా. ఇది షికారు," అంది.

నవ్వొచ్చింది నాకు. అమ్మ నవ్వలేదు. "మీ అన్నయ్యా ఇలాగే నవ్వాడు. ఇలాగే రాత్రి పదింటికి బయల్దేరాడు," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

స్నేహితుడికి ఫోన్ చేస్తే అతను దారి చూపించాడు. "అన్నా, పంచాంగం జూసిన. శనివారం పొద్దుగాల ఆరు దాటినంకనే అమాస వస్తది. మనం శుక్రారం రాత్రికే ఎల్లిపోతున్నం గదా. చతుర్దశి నాడే పోతున్నమని అమ్మకు చెప్పు, అయిపాయె."

మన ఇళ్లలో రోజూ నడిచే రాజీ ఇదే. నమ్మకం లేకపోయినా పెద్దవాళ్ల మనశ్శాంతి కోసం అంటాం. నాకూ ఆశ పుట్టింది. కానీ అలా చెబితే, తిథి లెక్క సరిగ్గా చూసుకుంటే గండం తప్పుతుందని నేనే ఒప్పుకున్నట్టు. పక్కన వింటున్న పన్నెండేళ్ల పిల్లాడికి నేర్పేదేమిటి?

ఆ రాత్రి కాగితం మీద ప్రయాణం రాసుకున్నాను. శుక్రవారం రాత్రి పదింటికి ఖటోదరా. వడోదరా మీదుగా అయిదువందల కిలోమీటర్ల పైమాట. తెల్లవారేసరికి జామ్‌నగర్. డ్రైవింగ్ అంటే స్నేహితుడే, నాకు రాదు. అతను శుక్రవారం పొద్దున ఏడింటికి కార్ఖానా తెరుస్తాడు. అంటే ఇరవై నాలుగు గంటలు నిద్ర లేకుండా...

అక్కడ నా పెన్ను ఆగిపోయింది.

అన్నయ్యను చంపింది అమావాస్య కాదు. ఈ మాట పాతికేళ్లుగా అంటున్నాను. ఒకటి రెండు సభల్లో కూడా చెప్పాను. ఆ కారు డ్రైవరు అంతకు ముందు రోజంతా బండి నడిపాడు. రాత్రి పదింటికి మళ్లీ బయల్దేరాడు. నాలుగు గంటల వేళ కన్ను మూతపడింది. రెండు నుంచి అయిదు మధ్య మనిషి ఒంట్లో నిద్ర ఒత్తిడి చాలా ఎక్కువగా ఉంటుంది, టీ తాగినా పాటలు పెట్టినా ఆగదు. ఇదంతా తెలిసిన నేను, నా భార్యనూ కొడుకునూ అదే పదింటి బండిలో, అదే నిద్రలేని డ్రైవరు చేతిలో పెట్టబోతున్నాను. అమ్మ ఒకే మాటలో రెండూ చెప్పింది, తిథీ చెప్పింది, వేళా చెప్పింది. తిథిని ఖండించే ఉత్సాహంలో వేళ నా చెవికి ఎక్కలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. "చూశారా, పెద్దలు ఊరికే చెప్పలేదు, అమావాస్య చీకటి కాబట్టి ప్రయాణం వద్దన్నారు, ఇందులో సైన్సుంది" అని ఎవరైనా అనొచ్చు. నేను ఒప్పుకోను. అదే నిజమైతే అమావాస్య పగలు ఎందుకు వద్దు? త్రయోదశి రాత్రి ఎందుకు ఫరవాలేదు? అమ్మ చెప్పిన కారణం తప్పు. కానీ ఆమె గుర్తుంచుకున్న ఘటన నిజం. తప్పుడు కారణాన్ని కొట్టేసినంత మాత్రాన మన పని అయిపోదు. అసలు కారణాన్ని మన బతుకులో ఎక్కడ పెట్టుకున్నామో చూసుకోవాలి. నేను దాన్ని ఉపన్యాసంలో పెట్టుకున్నాను.

మర్నాడు ఏర్పాట్లు మార్చాం. హజీరా రేవు మాకు దగ్గరే. 2020 నవంబరు 8న అక్కడినుంచి భావనగర్ పక్కనున్న ఘోఘాకు ఫెర్రీ మొదలైంది, బళ్లను కూడా ఎక్కించుకుంటుంది. 370 కిలోమీటర్ల రోడ్డు 90 కిలోమీటర్ల సముద్ర ప్రయాణం అవుతుందని అప్పుడు ప్రభుత్వం చెప్పింది. అది శనివారం పగలు. అక్కడినుంచి జామ్‌నగర్ ఇంకో అయిదారు గంటలు, నడుమ టీకి ఆగుతూ. శనివారం రాత్రి అందరికీ నిద్ర. ఆదివారం నరారా. తిరుగు ప్రయాణం సోమవారం పగలు. నాకు ఒక రోజు సెలవు, అతనికి ఒక రోజు మగ్గాల ఆదాయం పోయాయి. అతను మొదట సణిగాడు. అన్నయ్య సంగతి చెప్పాక ఇంకేమీ అనలేదు.

అంటే ఇప్పుడు మేం బయల్దేరేది సరిగ్గా శని అమావాస్య నాడు, ఎండ వచ్చాక! ముందు అనుకున్నదాని కన్నా అమ్మ లెక్కలో ఇది ఘోరం.

అమ్మ దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. తిథి గురించి నేను మారలేదని, రాత్రి ప్రయాణం గురించి తప్పు నాదేనని చెప్పాను. అన్నయ్య డ్రైవరు ముందు రోజు నిద్రపోలేదన్న సంగతి అమ్మతో ఎప్పుడూ వివరంగా మాట్లాడలేదు. సభల్లో చెప్పిన వాణ్ణి, ఇంట్లో చెప్పలేదు. అమ్మ చాలాసేపు ఊరుకుంది. తర్వాత, "అయితే వాడు నిద్రపోయి నడుపుతాడా?" అంది. నిద్రపోయి లేచి నడుపుతాడని చెప్పాను. "ఆ సముద్రం నీళ్లు మళ్లీ ఎన్నింటికి వస్తాయి?"

మంచి ప్రశ్న. సూరత్ జనం డుమాస్ బీచ్‌లో దయ్యాలున్నాయని చెప్పుకుంటారు గానీ, అక్కడ పోటు ఎన్నింటికని అడిగేవాళ్లు తక్కువ. ఖంభాత్ సింధుశాఖ ఆటుపోట్లు దేశంలోకెల్లా పెద్దవి. కచ్‌వీ చిన్నవేం కావు. పోటుకీ పోటుకీ మధ్య సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. తగ్గిన నీళ్లు చెప్పిన వేళకు తిరిగొస్తాయి, మన భక్తినీ నాస్తికత్వాన్నీ అడగవు. గైడు ఇచ్చిన వేళను పట్టికతో సరిచూసి, మేం గట్టెక్కాల్సిన టైము కాగితం మీద రాసి ఇచ్చాను. అమ్మ దాన్ని తిథుల క్యాలెండరు మీదే గుండుసూదితో గుచ్చింది.

ఆదివారం మా వాడు ఆక్టోపస్‌ని చూశాడు. రాతి సందులోంచి జారి, చూస్తూండగానే రంగు మార్చి మాయమైంది. ముట్టుకోనివ్వలేదు గైడు. పగడాల మీద అడుగు పెట్టనివ్వలేదు కూడా, మంచి పని చేశాడు. కాగితం మీద రాసిన టైముకి సరిగ్గా అమ్మ ఫోను వచ్చింది. అప్పటికి గట్టు మీదే ఉన్నాం.

అమ్మ మారిందా అని అడుగుతారేమో. లేదు. ఇప్పటికీ అమావాస్య అంటే ఆమెకు గుబులే. నేను మాత్రం ఎవరైనా రాత్రి ప్రయాణం అంటే, డ్రైవరు ఎప్పుడు నిద్రపోయాడని అడుగుతున్నాను. మీరు కిందటిసారి అడిగారా?