స్విఫ్టు బండి – వడ్ల కుప్ప

మనిషిని చూసి బండిని అంచనా వేసే కాలం పోయి, బండిని చూసి మనిషిని అంచనా వేసే కాలం వచ్చింది. మన సిద్దిపేటలో ఈ విద్యలో ఆరితేరినవారు ప్రతి టీ కొట్టు దగ్గరా కనిపిస్తారు. వారి ప్రత్యేక విషయం జపాను చిన్నకార్లు, ముఖ్యంగా సుజుకీ స్విఫ్టు. హైదరాబాదు నుండి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మన ఊరి మీదుగా వెళ్ళడం వారి పాలిటి వరం.

స్విఫ్టు మన దేశానికి 2005లో వచ్చింది. మొదట పెట్రోలు, 2007లో డీజిలు. అభిమానులు కొలిచేది డీజిలు బండినే. 1.3 లీటర్ల ఇంజను, 190 న్యూటన్-మీటర్ల టార్కు, టన్నుకు కాస్త పైన బరువు. టర్బో అందుకునేదాకా బుద్ధిగా ఉండి, అందుకున్నాక వీపును సీటుకు అదిమేస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ ఇంజను రూపకల్పన ఇటలీలోని ఫియట్ వారిది! ఈ మాట అన్నందుకు నా హాస్టల్ మిత్రుడొకడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మారుతి వారు 2020లో డీజిలు కార్లు ఆపేశాక, పాత బండ్లున్నవారు వాటిని కన్నబిడ్డల్లా సాకుతున్నారు.

వీరిలో శాఖాభేదాలూ ఉన్నాయి. పాత హోండా సిటీ వీటెక్ వారికి స్విఫ్టు వారంటే చిన్నచూపు. "మీది కింద గుంజుతది, మాది ముల్లు పైకెక్కినంక పాడుతది" అంటారు. అసలైన స్విఫ్టు స్పోర్టును ఇక్కడ అధికారికంగా అమ్మనే లేదు. అయినా 'స్పోర్ట్' అన్న అక్షరాలు వెనక అతికించుకున్న బండ్లకు కొదవ లేదు.

మా బాపుది వేరే కొలత. "గా డిక్కీల రెండు యూరియా బస్తాలన్న పడ్తయారా?" అంటాడు. ఆయన లెక్కలో స్విఫ్టు పోరగాళ్ళంటే రోడ్డు తమ తాత కట్టించాడనుకునేవాళ్ళు. పోరగాళ్ళ లెక్కలో రైతులంటే రోడ్డును కల్లం చేసుకునేవాళ్ళు. ఈ పోరులో నేను రెండు పక్షాలవాణ్ణి.

వడ్లలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తూకం కాదు. కల్లం లేని రైతు ఎక్కడ ఆరబోస్తాడు? అలాగని రాత్రిపూట కుప్ప చుట్టూ పేర్చిన రాళ్ళు ప్రాణాంతకమే. వేగం 60 నుండి 120కి పెరిగితే గతిశక్తి నాలుగింతలు, బ్రేకు వేశాక బండి జారే దూరమూ సుమారు నాలుగింతలు. గింజల మీద టైరుకు పట్టు మరీ తక్కువ.

పోయిన యాసంగిలో బాపూ నేనూ కుప్పకు కావలి పడుకున్నాం. సైలెన్సరు మోగించుకుంటూ వచ్చిన ఒక స్విఫ్టు దూరంలోనే నెమ్మదించి ఆగింది. మా కాలేజీ ఈడు పిల్లవాడే దిగాడు. "కాకా, రాళ్ళు కానొస్తలేవు" అంటూ డిక్కీలోంచి వెలుతురుకు మెరిసే ఎర్ర టేపు తీశాడు. ఇద్దరం కలిసి రాళ్ళన్నిటికీ అంటించాం. వాడు పోయాక బాపు, "డిక్కీ చిన్నదేగని పిలగాడు మంచోడు" అన్నాడు.

మిత్రులారా! బండిని ప్రేమించండి, తప్పులేదు. కోతల కాలంలో మాత్రం రాత్రిపూట నెమ్మదిగా రండి. ఆ కుప్ప పక్కన ఎవరి బాపో పడుకొని ఉంటాడు. ఊరూరా కల్లాలు కావాలని అడిగేటప్పుడు మాతోపాటు మీరూ గొంతు కలపండి. రోడ్డు ఖాళీ అయితే లాభం మీకు కూడా.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం